లూథరా, కాల్వినా, బన్యనా: మొదట ఎవరిని చదవాలి?

“యూరప్ చర్చి సంస్కర్తల పుస్తకాలు చదవాలని ఉంది, ఎవరితో మొదలుపెట్టమంటారు?” అని నన్ను చాలామంది అడిగారు. అడిగినవాళ్లలో కొత్తగా సంఘం బాధ్యత మీద పడ్డ పాస్టర్లున్నారు, యౌవనస్థుల కూడికల్లో ఈ పేర్లు విని ఆసక్తి పుట్టిన పిల్లలున్నారు, విశ్వాసంతో సంబంధం లేకుండా యూరప్ చరిత్ర కోసం చదివేవాళ్లూ ఉన్నారు. అందరికీ ఒకే పేరు చెప్పడం కుదరదు. నేను మొదట పట్టుకున్నది కాల్విన్ పెద్ద గ్రంథం. మొదటి సంపుటం సగానికి రాకముందే ఆపేశాను, రెండేళ్లు మళ్లీ ముట్టుకోలేదు. అది పుస్తకం తప్పు కాదు. ఎక్కడ అడుగుపెట్టాలో చెప్పేవాళ్లు లేక, గుమ్మం వదిలేసి గోడ ఎక్కబోయాను.

తర్వాత మెల్లగా అర్థమైంది. 16, 17 శతాబ్దాల ఈ బోధకులు రాసినవాటిలో గొప్పవని పేరుపడ్డ గ్రంథాలు వేరు, మనిషిని పట్టి కూర్చోబెట్టేవి వేరు. రెండో రకంవి చాలావరకు చిన్న పుస్తకాలు. ఎదురుగా ఎవరినో ఒకరిని పెట్టుకుని రాసినవి. ఒకటి క్షురకుడి కోసం, ఒకటి తోటి పాస్టర్ల కోసం, ఒకటి కాలేజీ కుర్రవాళ్ల కోసం. కాబట్టి రచయిత ఎంత పేరున్నవాడో చూసి ఎంచుకోకండి. ఆ రచయిత ఎదురుగా కూర్చున్న మనిషికీ మీకూ పోలిక ఉందా అని చూడండి. నేను కింద పోల్చేదంతా ఆ లెక్కనే.

పునాది కావాలనుకునేవాళ్లకు: లూథర్, కాల్విన్

మార్టిన్ లూథర్ 1483లో జర్మనీలోని ఐస్లెబెన్‌లో పుట్టి, 1546లో అదే ఊళ్లో కన్నుమూశాడు. జాన్ కాల్విన్ ఆయనకంటే 26 ఏళ్లు చిన్నవాడు. 1509లో ఫ్రాన్స్‌లోని నోయాన్‌లో పుట్టి, 1564లో జెనీవాలో చనిపోయాడు. ఒకరు సన్యాసి మఠంలోంచి వచ్చినవాడు, ఇంకొకరు న్యాయశాస్త్రం చదివినవాడు. ఆ తేడా ప్రతి పేజీలో కనిపిస్తుంది. లూథర్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని మాట్లాడినట్టు రాస్తాడు. నవ్విస్తాడు, కోప్పడతాడు, చెప్పిందే మళ్లీ చెప్తాడు. కాల్విన్ ఒక్కో మాటా దాని చోట పెట్టి, ముడి బిగించి, తర్వాతి దానికి వెళ్తాడు.

లూథర్ దగ్గరికి వెళ్లాలంటే 95 సిద్ధాంతాలతో మొదలుపెట్టకండి. 1517 అక్టోబరు 31 అనే తేదీ అందరికీ తెలుసు గనక చాలామంది అక్కడికే వెళ్తారు. కానీ అవి పాపక్షమాపణ పత్రాల అమ్మకం మీద పండితుల వాదనకు పెట్టిన అంశాలు. ఆ గొడవ తెలియకుండా చదివితే సగం అర్థం కావు. దానికి బదులు 1520లో రాసిన ‘క్రైస్తవుని స్వాతంత్ర్యం’ తీసుకోండి. పోప్ పదో లియోకు రాసిన ఉత్తరంతో కలిపి అచ్చయిన చిన్న పుస్తకం అది. అంతా రెండు వాక్యాల మీద నిలబడింది: క్రైస్తవుడు అందరిపైనా స్వతంత్రుడైన ప్రభువు, ఎవరికీ లోబడినవాడు కాడు; క్రైస్తవుడు అందరికీ సేవకుడు, ప్రతి ఒక్కరికీ లోబడినవాడు. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయో చెప్పడమే తక్కిన పుస్తకమంతా. కాయలు మంచివి కాబట్టి చెట్టు మంచిదవదు, చెట్టు మంచిదైతే కాయలు మంచివి కాస్తాయి అన్న పోలిక ఇందులోనే ఉంది. ఆదివారం భోజనమయ్యాక తెరిస్తే సాయంత్రం కూడికకు వెళ్లేలోపు పూర్తవుతుంది.

రెండోది నాకు ఇంకా ఇష్టమైనది. విట్టెన్‌బర్గ్‌లో లూథర్‌కు పరిచయస్థుడైన పేతురు అనే క్షురకుడు ప్రార్థన ఎలా చేయాలని అడిగితే, ఆయన కోసం 1535లో రాసిన ‘ప్రార్థనకు సులువైన దారి’. మంచి క్షురకుడి మనసూ చూపూ కత్తిమీదే ఉంటాయి, కబుర్లలో పడితే ఎదుటివాడి ముక్కో నోరో, చివరికి గొంతే తెగుతుంది, మరి ప్రార్థనకు అంతకంటే ధ్యాస అక్కర్లేదా అని అడుగుతాడు లూథర్. తర్వాత పది ఆజ్ఞల్లో ఒక్కొక్కదాన్నీ తీసుకుని నాలుగు పేటల దండలా అల్లమంటాడు: ఇందులో దేవుడు నాకు ఏమి నేర్పుతున్నాడు, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏమి ఒప్పుకోవాలి, ఏమి అడగాలి. ప్రార్థనలో మాటలు రాక ఇబ్బంది పడేవాళ్లకు దీన్ని మించిన సాయం నాకు కనిపించలేదు. అదే ఏడాది ఈ పేతురు భోజనాల దగ్గర తన అల్లుణ్ని కత్తితో పొడిచి చంపాడు. లూథర్ అతని తరఫున మాట్లాడాడు. ప్రాణం దక్కింది గానీ ఊరు విడిచి పొమ్మన్నారు. ప్రార్థన గురించి అంత చక్కటి పుస్తకం ఎవరి కోసం రాశాడో ఆ మనిషికి ఇలా జరిగిందని తెలిశాక, దాన్ని తేలిగ్గా చదవలేకపోయాను.

పిల్లలకు నేర్పాలంటే 1529 నాటి చిన్న కేటకిజం, అంటే ప్రశ్నలు జవాబులుగా విశ్వాసం నేర్పే పుస్తకం. అంతకు ముందు ఏడాది సాక్సనీ పల్లెల్లో సంఘాలను తనిఖీ చేసినప్పుడు, జనానికి ప్రభువు ప్రార్థన కూడా రాదని, కొందరు పాస్టర్లదీ అదే పరిస్థితని చూసి, కడుపు మండి రాశాడు. ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్లకు చెప్పడానికి తయారుచేసిన పుస్తకం. మన దగ్గర ఇది కొత్తదేమీ కాదు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పటినుంచీ లూథరన్ ఇళ్లలో తరతరాలు దీన్ని కంఠతా పట్టాయి. మీ నాయనమ్మ దగ్గర ప్రతి ఉండే ఉంటుంది, అడిగి చూడండి.

లూథర్‌ను చదివేవాళ్లు ఒకటి ముందే తెలుసుకోవాలి. 1525లో తిరగబడ్డ రైతులను కొట్టి చంపమని రాసిందీ, 1543లో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమని రాసిందీ ఆయనే. ఆ రాతలను నేను ఏ విధంగానూ సమర్థించను. అవి లేనట్టు దాచిపెట్టి లూథర్‌ను పరిచయం చేసే పుస్తకాలను మాత్రం కొనకండి.

ఇక కాల్విన్. నేను మధ్యలో ఆపేసిన ఆ పెద్ద గ్రంథం ‘ఇన్‌స్టిట్యూట్స్’ మొదటిసారి 1536లో బాసెల్‌లో అచ్చయినప్పుడు ఆరు అధ్యాయాల పుస్తకం. రచయితకు అప్పటికి 26 ఏళ్లు. జీవితాంతం దాన్ని పెంచుతూ పోయాడు. 1559 నాటి చివరి కూర్పు నాలుగు భాగాలు, 80 అధ్యాయాలు. ఇప్పుడు అంగళ్లలో దొరికేది ఎక్కువగా ఈ చివరి కూర్పే, ఇంగ్లీషులో వెయ్యి పేజీలు దాటుతుంది. నాలా మొదటి పేజీనుంచి మొదలుపెట్టకండి. మూడో భాగంలో 6 నుంచి 10 వరకు ఉన్న అధ్యాయాలు ముందు చదవండి. క్రైస్తవ జీవితం, తన్ను తాను ఉపేక్షించుకోవడం, సిలువ మోయడం, రాబోయే జీవితం, ఈ లోకంలోని వస్తువులను ఎలా వాడుకోవాలి. ఇంతే. వీటినే విడిగా చిన్న పుస్తకంగానూ వేస్తుంటారు. పౌలు “మీరు మీ సొత్తు కారు” అన్న మాటను పట్టుకుని, మనం మన సొత్తు కాము, దేవుని సొత్తు అని మళ్లీ మళ్లీ చెప్పే చోటు అందులో ఉంది. కాల్విన్ ఎండుకట్టె లాంటి మనిషని ఎవరో చెప్పగా నమ్మినవాళ్లు ఆ రెండు పేజీలు చదివితే చాలు. అదే భాగంలో ప్రార్థన మీద 20వ అధ్యాయం పొడుగైనదే గానీ విలువైనది.

మనిషిని చూడాలంటే కీర్తనల వ్యాఖ్యానానికి 1557లో రాసిన ముందుమాట చూడండి. తన గురించి ఆయన రాసుకున్నది చాలా తక్కువ, ఆ తక్కువలో ఎక్కువ భాగం అక్కడే ఉంది. చదువుకుంటూ మూల కూర్చోవాలనుకున్న తనను, జెనీవాలో ఆగకపోతే నీ ప్రశాంతతను దేవుడు శపిస్తాడని అక్కడి సంస్కర్త ఫరెల్ ఎలా భయపెట్టి ఆపేశాడో అందులో చెప్తాడు. 1538లో జెనీవావాళ్లు వెళ్లగొట్టారు, 1541లో మళ్లీ పిలిచారు. తిరిగొచ్చి ప్రసంగపీఠం ఎక్కిన కాల్విన్ వెళ్లగొట్టినవాళ్లను ఒక్క మాట అనలేదు. మూడేళ్ల క్రితం ఏ వచనం దగ్గర ఆగాడో దాని తర్వాతి వచనం తీసి మొదలుపెట్టాడు. అయితే ఆ జెనీవాలోనే 1553 అక్టోబరు 27న, త్రిత్వ సిద్ధాంతాన్ని కాదన్న సెర్వెటస్‌ను సజీవంగా తగలబెట్టారు. మరణశిక్ష సరైనదేనని కాల్విన్ అన్నాడు, కాల్చడం బదులు తల నరకమని మాత్రం కోరాడు. అది ఆయన పేరు మీద ఉన్న మచ్చే.

ఇద్దరిలో ఒక్కరే అంటే, విశ్వాసం ఇంకా ప్రశ్నగానే ఉన్నవాళ్లకు లూథర్. వాక్యం బోధించాల్సిన పని ఉన్నవాళ్లకు, ఏది దేనికి సంబంధించిందో వరుస తెలియాల్సినవాళ్లకు కాల్విన్.

సంఘం చూసుకునేవాళ్లకు: బ్యాక్స్‌టర్, హెర్బర్ట్

ఈ పోలిక మీద నేను ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే పాస్టర్లు తప్పు పుస్తకం చేతికి తీసుకుని నలిగిపోవడం కళ్లారా చూశాను.

రిచర్డ్ బ్యాక్స్‌టర్ 1615లో ఇంగ్లండ్‌లోని ష్రాప్‌షైర్‌లో పుట్టాడు. ఆయన పేరు నిలబెట్టిన ఊరు కిడర్‌మిన్‌స్టర్, నేతగాళ్ల ఊరు. మగ్గం దగ్గర నిలబడి నేస్తూనే ఎదురుగా పుస్తకం పెట్టుకుని చదివేవారని తన సంఘస్థుల గురించి ఆయనే రాసుకున్నాడు. ఆయన అక్కడికి వెళ్లిన కొత్తలో దేవుణ్ని ఆరాధించే ఇల్లు వీధికి ఒకటి ఉండేదట. వదిలి వెళ్లేనాటికి కొన్ని వీధుల్లో అలా ఆరాధించని ఇల్లు వెతికితే ఒక్కటి దొరికేదట. మందిరంలో జనం పట్టక అయిదు మిద్దె వరసలు కట్టాల్సి వచ్చింది.

ఇది ప్రసంగాలవల్ల మాత్రమే జరిగిందని బ్యాక్స్‌టర్ అనుకోలేదు. ఆయనా, ఆయన సహాయకుడూ ప్రతి సోమవారం, మంగళవారం పొద్దుటినుంచి దాదాపు రాత్రిదాకా కుటుంబాలతో విడివిడిగా కూర్చునేవారు. వారానికి 15, 16 కుటుంబాలు. ఊళ్లో 800 పైచిలుకు కుటుంబాలు, ఏడాదికి ఒక చుట్టు. పదేళ్లు ప్రసంగాలు విని కూడా ఏమీ పట్టనివాళ్లకు, అరగంట దగ్గర కూర్చుని మాట్లాడితే ఎక్కువ తెలివి, ఎక్కువ మనస్సాక్షి కలిగిందని ఆయన అనుభవం. 1655 డిసెంబరులో వూస్టర్‌లో పాస్టర్లు ఉపవాస ప్రార్థనకు కూడినప్పుడు ఈ సంగతే మాట్లాడాల్సి ఉంది. జబ్బు చేసి వెళ్లలేకపోయాడు. చెప్పాలనుకున్నది పెరిగి, 1656లో ‘ద రిఫార్మ్‌డ్ పాస్టర్’ అయింది. అపొస్తలుల కార్యములు 20:28 మీద రాసిన పుస్తకం: “మీ మట్టుకు మీరును యావత్తు మందనుగూర్చియు జాగ్రత్తగా ఉండుడి.” పేరులోని ‘రిఫార్మ్‌డ్’ అన్న మాట చూసి ఇది ఫలానా శాఖ పాస్టర్ల కోసమని అనుకోకండి. మారి, తిరిగి బతికిన పాస్టరని ఆయన ఉద్దేశం.

ఇది గొప్ప పుస్తకం. కానీ వడగాలి లాంటిది. నువ్వు ఇతరులకు అందించే కృప నీలో ఉందా, నువ్వు ఖండించే పాపంలో నువ్వే బతుకుతున్నావా అని మొహంమీద అడుగుతుంది. అలసిపోయి, మనసు చితికిన పాస్టరు చేతిలో దీన్ని పెట్టకూడదు. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఇది రాసేనాటికి బ్యాక్స్‌టర్‌కు పెళ్లి కాలేదు. మార్గరెట్ చార్ల్‌టన్‌ను చేసుకున్నది 1662లో. ఇల్లూ పిల్లలూ ఫీజులూ ఉన్న మన పాస్టరు గారు ఆ సోమవారం మంగళవారం వేగం చూసి తనను తాను నిందించుకోనక్కర్లేదు. వారానికి రెండిళ్లతో మొదలుపెట్టినా బ్యాక్స్‌టర్ చెప్పింది చేసినట్టే.

జార్జ్ హెర్బర్ట్ దీనికి పూర్తిగా వేరే గాలి. 1593లో పుట్టాడు, పెద్దింటి బిడ్డ, కేంబ్రిడ్జిలో విశ్వవిద్యాలయం తరఫున మాట్లాడే పదవి చేశాడు. రాజుగారి కొలువు వైపు వెళ్లే దారిలో ఉన్నవాడు 1630లో సాల్స్‌బరీ పక్కన బెమర్టన్ అనే చిన్న పల్లెలో పాస్టరయ్యాడు. మూడేళ్లు నిండకుండానే 1633లో, 40 ఏళ్లు రాకముందే చనిపోయాడు. పల్లె పాస్టరు ఎలా ఉండాలో తనకు తాను గురిగా పెట్టుకోవడానికి రాసుకున్న ‘ద కంట్రీ పార్సన్’ చనిపోయాక 1652లో వెలుగు చూసింది.

ఇందులో సిద్ధాంతం తక్కువ, దినచర్య ఎక్కువ. ప్రసంగం గంట దాటకూడదంటాడు. మామూలు రోజుల్లో మధ్యాహ్నాలు ఇళ్లకు వెళ్లమంటాడు, ఎందుకంటే ఆదివారం మందిరంలో అందరూ సర్దుకుని కూర్చుంటారు, పనిరోజున వెళ్తేనే మనుషులు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తారు. అతి పేద గుడిసెలోకి, ఎంత కంపు కొట్టినా సరే, వెనకాడకుండా వెళ్లాలంటాడు. పెరట్లో మూలికలు పెంచి ఊరివాళ్లకు వైద్యం చేయడం కూడా పాస్టరు ఇంటి పనే. గృహ దర్శనాల గురించి బ్యాక్స్‌టరూ హెర్బర్టూ చెప్పేది ఒకటే, కానీ బ్యాక్స్‌టర్ జాబితా పట్టుకుని వస్తాడు, హెర్బర్ట్ వచ్చి అరుగుమీద కూర్చుంటాడు.

పట్నంలో పెద్ద సంఘం, జనం ఆదివారం వచ్చి వెళ్లిపోతున్నారు, ఎవరి ఇంట్లో ఏముందో తెలియడం లేదు అనుకునేవాళ్లకు బ్యాక్స్‌టర్. పల్లెలో అందరూ తెలిసినవాళ్లే, పని చిన్నదిగా కనిపించి నిరాశ కమ్ముతోంది అనేవాళ్లకు హెర్బర్ట్. ఎటూ తేల్చుకోలేకపోతే హెర్బర్ట్‌తో మొదలుపెట్టి, మనసు కుదుటపడ్డాక బ్యాక్స్‌టర్ తీయండి. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు హెర్బర్ట్ కవితలు ‘ద టెంపుల్’ వదలొద్దు. నిజంగా దేవుడున్నాడని నమ్మిన మనిషి దేవునితో మాట్లాడినట్టు ఉంటాయని వాటి గురించి రాసింది మరెవరో కాదు, బ్యాక్స్‌టరే.

బ్యాక్స్‌టర్‌ను కొనేటప్పుడు సంక్షిప్త ప్రతి తీసుకోవడానికి సిగ్గుపడకండి. ఆయనకు ఆపడం తెలియదు. ‘క్రిస్టియన్ డైరెక్టరీ’ ఒక్కటే పది లక్షల మాటలు దాటుతుంది. ‘సెయింట్స్ ఎవర్‌లాస్టింగ్ రెస్ట్’ 1650 నాటి అసలు ప్రతి 800 పేజీల పైమాటే, అయినా అది పుట్టిన తీరు వేరు. జబ్బుతో పరాయి ఇంట్లో మంచం పట్టి, చావు ఖాయమనుకుని, తనకోసం మొదలుపెట్టాడు. ఆ తర్వాత 40 ఏళ్లకు పైగా బతికాడు. 1662లో ప్రభుత్వం విధించిన ఆరాధన పద్ధతికి ఒప్పుకోక దాదాపు 2,000 మంది పాస్టర్లు తమ స్థానాలు కోల్పోయినప్పుడు ఆయనా వాళ్లలో ఉన్నాడు. దాదాపు 70 ఏళ్ల వయసులో, 1685లో, న్యాయమూర్తి జెఫ్రీస్ ముందు తిట్లు తిని జైలుకు వెళ్లాడు.

పాస్టరమ్మగార్లు నన్ను అడగలేదు గానీ నేనే చెప్తాను. స్ట్రాస్‌బర్గ్‌లో పాస్టరు మత్తయి జెల్ భార్య కాథరీనా జెల్ రాతలు ఇంగ్లీషులో దొరుకుతాయి. విశ్వాసం కారణంగా భర్తలు ఊరొదిలి వెళ్లాల్సి వచ్చిన కెంట్‌జింగెన్ స్త్రీలకు 1524లో ఆమె రాసిన ఓదార్పు ఉత్తరం చదవండి. పనీపాటా చేసుకుంటూ జనం పాడుకోవాలని పాటల పుస్తకం కూడా ఆమె అచ్చువేయించింది. ఇలాంటి జాబితాల్లో ఆమె పేరు వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

మన భాషదాకా వచ్చిన దారి: ఆర్న్‌ట్, స్పెనర్

చరిత్ర మీద ఆసక్తితో చదివేవాళ్లకు, ముఖ్యంగా తెలుగు పుస్తకాల పుట్టుపూర్వోత్తరాలు వెతికేవాళ్లకు, నా సలహా లూథరూ కాదు, కాల్వినూ కాదు. ఫిలిప్ యాకోబ్ స్పెనర్. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పాస్టరుగా ఉంటూ, తన ఇంట్లో 1670లో చిన్న కూడికలు మొదలుపెట్టాడు. ఈనాడు మన ఇళ్లలో జరిగే గృహ కూడికలకు ఆయన్ను పెద్దతాత అనొచ్చు. 1675లో పాత తరం లూథరన్ బోధకుడు యోహాన్ ఆర్న్‌ట్ ప్రసంగాల కొత్త ముద్రణకు ముందుమాట రాయమంటే రాసింది ‘పియా డెసిడెరియా’. ముందుమాటే విడి పుస్తకమైపోయింది. వాక్యం ఇంకా విస్తారంగా చదవాలి, విశ్వాసులందరూ యాజకులే అన్నది ఆచరణలోకి రావాలి, తెలిసినదానికంటే చేసింది ముఖ్యం, వాదాల్లో ప్రేమ ఉండాలి, పాస్టర్ల చదువు మారాలి, ప్రసంగం వినేవాడిని బాగుచేసేదై ఉండాలి. ఆరు సూచనలు, అంతే. ఆర్న్‌ట్ ‘నిజమైన క్రైస్తవ్యం’ దీనికి మూలం, 1605 నుంచి భాగాలుగా వచ్చింది. లోతైనదే గానీ నిదానంగా సాగుతుంది. రెంటిలో ముందు స్పెనర్‌నే చదవండి.

స్పెనర్ దారిలో నడిచిన ఫ్రాంకె హాలే నగరంలో అనాథాశ్రమం, బళ్లు, అచ్చుకూటం నిలబెట్టాడు. ఆ హాలేనుంచే మిషనరీ జీగెన్‌బాల్గ్ 1706లో తమిళ తీరంలోని తరంగంబాడి వచ్చాడు. 1719లో వచ్చిన బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసులో పనిచేస్తూ తెలుగు నేర్చుకుని, వ్యాకరణం రాసి, బైబిలు తర్జుమాకు పూనుకున్నాడు. 1743లో వెనక్కి వెళ్లి, 1746, 47లలో హాలేలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. ‘మోక్షానికి కొంచు పొయ్యే దోవ’, చిన్న కేటకిజం వాటిలోవి. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలని చెప్పుకునేవి ఇవే. కృష్ణా గోదావరుల ముఖం చూడని కార్మికులు, ఎక్కడో జర్మనీలో, మన అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చారు. స్పెనర్‌ను చదివేటప్పుడు నాకు అదే గుర్తొస్తుంది.

మనసు బాగాలేనప్పుడు: సిబ్స్, ఓవెన్

ఇక్కడ తప్పు ఎంచుకుంటే హాని జరుగుతుంది, కాబట్టి సూటిగా చెప్తాను. మీరు కుంగిపోయి ఉన్నారా, నిర్లక్ష్యంగా ఉన్నారా? మొదటిదైతే రిచర్డ్ సిబ్స్, రెండోదైతే జాన్ ఓవెన్.

సిబ్స్ లండన్‌లో లాయర్లుండే గ్రేస్ ఇన్‌లో, కేంబ్రిడ్జిలో ప్రసంగించేవాడు. 1635లో చనిపోయాడు. 1630లో అచ్చయిన ‘ద బ్రూయిజ్డ్ రీడ్’ మొత్తం యెషయా 42:3 మీద: “నలిగిన రెల్లును అతడు విరువడు మకమకలాడుచున్న జనుపనార వత్తిని ఆర్పడు.” పొగ వస్తోందంటే లోపల నిప్పు ఉన్నట్టే అన్నది ఆయన ఓదార్పు. మనలో ఉన్న పాపంకంటే క్రీస్తులో ఉన్న కనికరం ఎక్కువ అన్న మాట ఇందులోదే. బ్యాక్స్‌టర్ కుర్రవాడిగా ఉన్నప్పుడు పాటల కాగితాలూ పుస్తకాలూ అమ్ముకునే పేద వర్తకుడు ఇంటి గుమ్మంలోకి వస్తే, వాళ్ల నాన్న కొన్నది ఈ పుస్తకమే. అంత కరకుగా రాసిన బ్యాక్స్‌టర్ మనసును తెరిచింది ఇంత మెత్తటి పుస్తకం.

ఓవెన్ ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్. రోమా 8:13 మీద అక్కడి విద్యార్థులకు చేసిన ప్రసంగాలు 1656లో ‘మార్టిఫికేషన్ ఆఫ్ సిన్’గా వచ్చాయి. నువ్వు పాపాన్ని చంపుతూ ఉండు, లేకపోతే అది నిన్ను చంపుతూ ఉంటుంది అంటాడు. వాక్యాలు లాటిన్‌లో ఆలోచించి ఇంగ్లీషులో రాసినట్టుంటాయి, భాష సులభం చేసిన ప్రతి కొనండి. చిన్నగా ఉంది కదా అని రెండ్రోజుల్లో చదవాలనుకోవద్దు, ఒక్కో అధ్యాయానికి ఒక వారం ఇవ్వండి. ఫోన్‌కు బానిసైపోయానని ఒక కుర్రవాడు వచ్చి చెప్పుకున్నప్పుడు నేను ఇచ్చింది ఇదే. అదే కుర్రవాడు రాత్రిళ్లు నిద్రపట్టక, నన్ను దేవుడు వదిలేశాడని ఏడుస్తూ వచ్చి ఉంటే సిబ్స్‌ను ఇచ్చేవాణ్ని. ఓవెన్‌ను కఠినుడని అనుకునేవాళ్లు ఇదీ తెలుసుకోవాలి: ఆయనకు 11 మంది పిల్లలు, ఒక్క కూతురు తప్ప అందరినీ చిన్నతనంలోనే పోగొట్టుకున్నాడు.

బన్యన్: ఏ పుస్తకం, ఏ భాగం

జాన్ బన్యన్‌ను ఎవరితోనూ పోల్చలేను, ఆయన పుస్తకాలను ఒకదానితో ఒకటి పోల్చగలను. 1628లో బెడ్‌ఫర్డ్ పక్కన ఎల్‌స్టో అనే ఊళ్లో పుట్టాడు. గిన్నెలకు మాట్లు వేసే కుటుంబం, చదువు అంతంతమాత్రం. పెళ్లిలో భార్య తెచ్చుకున్నది రెండు పుస్తకాలు. అనుమతి లేకుండా ప్రసంగించినందుకు 1660లో పట్టుకుని 12 ఏళ్లు జైల్లో ఉంచారు. ప్రసంగించనని మాటిస్తే వదిలేసేవారు, ఇవ్వలేదు. ఇంట్లో చూపులేని కూతురు మేరీ. ఆ పిల్లను విడిచి ఉండటం ఒంటిమీది మాంసం ఎముకలనుంచి ఊడదీసినట్టుందని రాసుకున్నాడు. లోపల కూర్చుని లేసులు అల్లి ఇంటికి డబ్బు పంపేవాడు.

‘గ్రేస్ అబౌండింగ్’ 1666లో జైల్లో రాసిన ఆత్మకథ. బెడ్‌ఫర్డ్‌లో ముగ్గురో నలుగురో పేద స్త్రీలు గుమ్మంలో ఎండకు కూర్చుని దేవుని సంగతులు సంతోషంగా మాట్లాడుకుంటుంటే, పక్కన నిలబడి విని, తనకు లేనిదేదో వాళ్లకుందని గ్రహించిన సన్నివేశం మరిచిపోలేనిది. పట్టుకుంటే రాలిపోయేంత పాతదైన లూథర్ గలతీ వ్యాఖ్యానం చేతికి దొరికి, అందులో తన గుండె తనకే కనిపించిందని చెప్పేదీ ఇక్కడే. అయితే ఈ పుస్తకంలో ఏళ్లతరబడి సాగిన భయాలు, చెవిలో మోగే మాటలు, నేను క్షమకు దూరమయ్యానన్న హింస ఉన్నాయి. ఆందోళనతో బాధపడేవాళ్లు ఒంటరిగా, రాత్రివేళ దీన్ని చదవకండి. తోడుగా ఎవరైనా ఉంటే మంచిది.

‘యాత్రికుని ప్రయాణము’ తెలుగులో దొరుకుతుంది. 1678లో వచ్చిన మొదటి భాగం కథ చాలామందికి తెలుసు. వీపుమీది మూట సిలువ దగ్గర జారిపోవడం, సందేహాల కోటలో బందీలై ఉండగా వాగ్దానం అనే తాళపుచెవి జేబులోనే ఉందని గుర్తుకు రావడం. సండే స్కూలు పిల్లలకైనా, సాహిత్యం కోసం చదివేవాళ్లకైనా ఇదే మొదటి ఎంపిక. నిజానికి ఈ జాబితా మొత్తంలో ఒక్క పుస్తకమే చదవగలనంటే, ఇదే తీసుకోండి.

కానీ దయచేసి 1684 నాటి రెండో భాగాన్ని వదిలేయకండి. మొదటి భాగంలో మనిషి భార్యాపిల్లల్ని వదిలి ఒంటరిగా పరుగెత్తాడు. రెండో భాగంలో ఆ భార్య, పిల్లలు, పక్కింటి అమ్మాయి గుంపుగా బయల్దేరతారు. దారిలో కర్రలమీద నడిచేవాడు, పిరికివాడు, దిగులు మనిషి అందరూ కలుస్తారు, ఎవరినీ వెనక వదలరు. వృద్ధులకు, జబ్బుమనుషులకు, వాళ్లకు సేవ చేసేవాళ్లకు చదివి వినిపించాల్సింది ఇది. ముఖ్యంగా భయస్థుడి కథ. నిరాశ ఊబి ఒడ్డున నెలకు పైగా పడి ఉన్నవాడు, ప్రతి గడప దగ్గరా తనను రానివ్వరేమోనని వణికినవాడు, చివరికి మరణమనే నది దగ్గరికి వచ్చినప్పుడు ఇక నేను మునిగిపోతానని ఏడుస్తాడు. ఆ రోజు నదిలో నీళ్లు ముందెన్నడూ లేనంత తగ్గిపోయాయని, పాదాలు తడిసీ తడవకుండా దాటేశాడని అతని వెంట వెళ్లిన మార్గదర్శి చెప్తాడు.